బెణుకే లేమ్మా

పుంగనూరులోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో మునిరాజు ఇరవై నాలుగేళ్లుగా డ్రిల్ సారు. ఆటస్థలంలో ఎవరు పడినా, ఎలా పడినా ఆయన నోట వచ్చే మాట ఒకటే. ఆడపిల్లయితే "బెణుకే లేమ్మా", మగపిల్లవాడైతే "బెణుకే లేప్పా". వైద్యంలో ఆ పాటి తేడా కూడా లేదు. ఐసు ముక్క, క్రేపు బ్యాండేజి, పది రోజుల విశ్రాంతి. నూటికి తొంభై సార్లు అది నిజంగా బెణుకే కావడంతో సారుది మంచి హస్తవాసి అన్న పేరు పడింది. ఆవు తన్నినవాళ్లు, బండి మీంచి జారినవాళ్లు కూడా బడి గేటు దగ్గర ఆగి, కాలు చూపించి పోయేవాళ్లు. మిగతా పది మంది సంగతి ఎవరూ పట్టించుకోలేదు. వాళ్లు ఆట మానేసి ఉంటారు. ఆట మానేసినవాడు డ్రిల్ సారు దగ్గరికి వచ్చి ఎందుకు మానేశాడో చెప్పుకోడు కదా.

ఆ పది మందిలో మొదటివాడు మునిరాజే.

ఇరవై రెండేళ్ల వయసులో ఆయన యూనివర్సిటీ కబడ్డీ జట్టులో కార్నర్ ఆడేవాడు. కూతకు వచ్చినవాడి మడమ అందుకున్నాడంటే వదిలేవాడు కాదు. ఒక సెమీ ఫైనల్లో అలాగే ఒకడి మడమ పట్టుకున్నప్పుడు పైనుంచి ముగ్గురు పడ్డారు. పాదం నేలలో నాటుకుని ఉండగా ఒళ్లు మాత్రం పక్కకి తిరిగింది. మోకాలిలో ఏదో టప్పుమన్న శబ్దం ఆయనొక్కడికే వినబడింది. కోచ్ వచ్చి అటూ ఇటూ నొక్కి చూశాడు. "బెణుకు. గట్టిగా కట్టు కట్టండి," అన్నాడు. మర్నాడు ఫైనల్. ఆడాడు. గెలిచారు. ఆ సర్టిఫికెట్ మీదే వ్యాయామ విద్యలో సీటు వచ్చింది, తర్వాత ఈ ఉద్యోగమూ వచ్చింది. అంచేత ఆ రోజు ఆడటం తప్పని ఆయన ఏనాడూ అనుకోలేదు. అనుకోవడానికి వీల్లేకుండా మూడు పూటలా అన్నం పెడుతున్న మ్యాచి అది.

ఇప్పుడాయనకి యాభై. కుడి మోకాలు తెల్లవారుజామున చెప్పిన మాట వినదు. మంచం దిగి పది అడుగులు వేసేదాకా గోడ పట్టుకోవాలి. పెళ్లిళ్లకి పోతే కింద బంతి వేస్తారేమోనని భయం. బడిలో సూర్య నమస్కారాలు చేయించేటప్పుడు ఈల పట్టుకుని అంకెలు చెబుతాడే తప్ప వంగడు. పిల్లలు అది పెద్దరికం అనుకుంటారు. మెట్లు ఎక్కడం ఎలాగో అలా అయిపోతుంది. దిగడమే నరకం. అందుకే ఎక్కడికి పోయినా "మీరు పదండి, నేనొస్తా" అని అందరినీ ముందు పంపి, ఎవరూ లేరని చూసుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ పెట్టి దిగుతాడు. భార్యకి, మందులిచ్చే డాక్టరుకి, ఒక పాత స్నేహితుడికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఒంట్లో ఇంత అలసట దాచుకుని రోజంతా ఈల ఊదటం ఎంత కష్టమో కూడా ఎవరికీ తెలియదు. చెప్పుకోవడానికి సిగ్గు. డ్రిల్ సారుకి కాళ్లు లేవంటే లెక్కల సారుకి ఎక్కాలు రావన్నట్టే.

ఇలాంటివాడి చేతికి రూప దొరికింది.

పదో తరగతి. పాల కేంద్రంలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే కుప్పమ్మ కూతురు. తండ్రి లారీ మీద టమోటా లోడుతో నెలకి ఇరవై రోజులు ఎక్కడెక్కడో ఉంటాడు. మనిషి పీలగా ఉంటుంది గానీ కూతకు పోయిందంటే ఎదుటి ఏడుగురికీ గీత ఎటుందో మరిచిపోయేటట్టు చేస్తుంది. ఎడమకి పోతున్నట్టు భుజం చూపించి, గిరుక్కున కుడికి తిరిగి, ఒకరిని తాకి వచ్చేస్తుంది. ఆ తిప్పు మునిరాజు నేర్పింది కాదు, పుట్టుకతో వచ్చింది. ఈయన చేసిందల్లా దానికి మంచి కోర్టు సంపాదించడమే. రెండేళ్ల కిందట పాత విద్యార్థులందరి కాళ్లావేళ్లా పడి బడికి కబడ్డీ మ్యాట్ తెప్పించాడు. ఆ మ్యాట్ పరిచిన రోజు ఆయన సంబరం చూడాలి. సొంత ఇల్లు కట్టుకున్నవాడు కూడా అంత పొంగిపోడు. మట్టిలో దొర్లి చర్మం ఊడగొట్టుకున్న తరం కదా మరి.

మూడు వారాల కిందట ఆ మ్యాట్ మీదే, ఆ తిప్పు తిరిగేటప్పుడే, రూప కూలబడింది. మోకాలు పట్టుకుని అమ్మా అంది. మునిరాజు వచ్చి నొక్కి చూసి అలవాటైన మాటే అన్నాడు. పది రోజులు కట్టు. పదకొండో రోజు పిల్ల మళ్లీ ఆటలో దిగింది. వాపు కాస్త ఉంది గానీ ఆడగలుగుతోంది. కుప్పంలో ఉమ్మడి జిల్లా అండర్-17 ఎంపికలు దగ్గర పడుతున్నాయి. ఆ జట్టులోకి వెళితే రాష్ట్ర పోటీలు, సర్టిఫికెట్, రేపు పోలీసు ఉద్యోగానికో రైల్వేకో స్పోర్ట్స్ కోటా. మునిరాజు చేతి కింద ఇన్నేళ్లలో ఒక్క ఆడపిల్ల కూడా రాష్ట్రానికి పోలేదు. ఈ పిల్ల పోతుంది. అది ఆయనకీ తెలుసు, ఊరికీ తెలుసు.

ఎంపికలు ఆదివారమనగా మంగళవారం సాయంత్రం రూప బెంచీ మీంచి లేవబోయి లేవలేకపోయింది. మోకాలు సగం వంగి అక్కడే ఆగిపోయింది. చాచబోతే చాచుకోదు.

"సార్, కాలు ఇరుక్కుపోయిండాది సార్," అంది భయంగా నవ్వుతూ.

మునిరాజు ఆ మోకాలి వంపు చూశాడు. ఫైనల్ అయిన నెలకి తన కాలు హాస్టల్ గదిలో ఇలాగే ఇరుక్కుపోయింది. సరిగ్గా ఇదే వంపులో. బెణికిన కాలు నొప్పి పుడుతుంది, వాస్తుంది. ఇరుక్కుపోదు. ఈ ముక్క ఆయనకి ఇరవై ఎనిమిదేళ్లుగా తెలుసు. తెలిసి కూడా తెలియనట్టు బతికాడు, అంతే.

గురువారం తల్లీకూతుళ్లని వెంటబెట్టుకుని మదనపల్లె పోయాడు. అక్కడ ఎముకల డాక్టరు భానుప్రకాశ్ దగ్గర తనకీ చాలాకాలంగా మందులు నడుస్తున్నాయి. స్కానింగ్ తీశారు. డాక్టరు ఫిల్ము దీపం ముందు పెట్టి చాలాసేపు చూశాడు. అప్పటికి కాలు కొద్దిగా వదులైంది గానీ పూర్తిగా చాచుకోవటం లేదు.

"గుజ్జు అరిగిపోయిందా సార్?" అంది కుప్పమ్మ. మోకాలి నొప్పి అన్న ప్రతివాడూ వాడే మాట అదే కాబట్టి ఆమెకీ అదే తెలుసు. "ఇంత సిన్నపిల్లకి గుజ్జు యాల అరిగిపోతుంది? మేక కాళ్ల సూపు తాపిస్తే మళ్లా ఊరుతుంది అంటారే."

"అందరూ గుజ్జు అంటారు గానీ అది టమోటా గుజ్జు లాంటిది కాదమ్మా, తాగితే నిండటానికి," అన్నాడు డాక్టరు. విసుక్కోలేదు. రోజుకి ఇరవై మందికి చెప్పే మాట కావటంతో గొంతులో అలసట మాత్రం ఉంది. "ఎముక చివర తెల్లగా, నున్నగా, కొబ్బరి ముక్కలాగా అంటుకుని ఉంటుంది. అదింకా మీ అమ్మాయికి బాగానే ఉంది. రెండు ఎముకల మధ్య చంద్రవంక ఆకారంలో ఒక మెత్త ఉంటుంది. అది చిరిగింది. చిరిగిన ముక్క లోపలికి మడతపడి, తలుపు సందులో గుడ్డ ఇరుక్కున్నట్టు ఇరుక్కుంది. కుట్టు వేస్తే అతుక్కునే వయసు. ఇలాగే ఆడితే మాత్రం ఆ ముక్క నలిగిపోతుంది, పైనున్న కొబ్బరిని కూడా గీరేస్తుంది. ఆ కొబ్బరికి రక్తం అందదు. ఒకసారి పోతే మళ్లీ పుట్టదు."

మునిరాజు ఒక మాట అడగకుండా ఉండలేకపోయాడు. "పరుగు కూడా తీయిస్తాండా సార్ రోజూ. అందువల్లేమన్నా..."

"పరుగు వల్ల కాదు మాస్టారూ. అదే అందరూ పొరబడేది. కొబ్బరికి రక్తం లేదన్నాను కదా, దాని తిండి నొక్కుడులోనే ఉంది. అడుగు పడినప్పుడు నొక్కుకుని, లేచినప్పుడు పీల్చుకుంటుంది. కొలతగా పరుగెత్తేవాళ్ల మోకాళ్లు కదలకుండా కూర్చునేవాళ్ల కంటే బాగుంటాయి. సైకిలు తొక్కేవాళ్లకీ పెద్ద ఇబ్బంది ఉండదు. వాలీబాల్ వాళ్లకి ఎగిరి దిగటంలో చిప్ప కింద నొప్పి పట్టుకుంటుంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఫుట్‌బాల్ వాళ్లు, మీ కబడ్డీ వాళ్లు. పాదం ఆగిపోయి, ఒళ్లు తిరిగే ఆటలు ఇవి. మెలిక ఒక పాపం. మెలిక పడ్డ తర్వాత కట్టు కట్టుకుని ఆడటం దానికి మించిన పాపం."

పాదం ఆగిపోవటం అన్న మాట దగ్గర మునిరాజు మనసు ఆగిపోయింది. మట్టి మీద అయితే పాదం జారేది. జారితే మోకాలు బతికిపోయేది. మ్యాట్ మీద బూటు అతుక్కుపోతుంది. తాను అంత గొప్పగా పరిచిన మ్యాట్.

డాక్టరు రూప వైపు తిరిగాడు. "ఎప్పుడు తగిలింది?"

"మూడు వారాలాయ సార్."

"అప్పుడు ఎవరికైనా చూపించారా? ఏమన్నారు?"

రూప మునిరాజు వంక చూడలేదు. నేల వంక చూస్తూ, "ఎవరికీ సూపించలేదు సార్. నేనే చెప్పలేదు ఎవురికీ," అంది.

పదహారేళ్ల పిల్ల తన కోసం అబద్ధం ఆడింది. అప్పుడైనా నోరు తెరిచి, 'నేనే చూశాను డాక్టరు గారూ, బెణుకన్నాను' అని ఉండవలసింది. నోరు పెగలలేదు. ఆ నిమిషం గడిచిపోయింది. తర్వాత ఆ నిమిషాన్ని ఎన్ని రకాలుగా తలుచుకున్నా ఆయనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆసుపత్రి బయట హరినాథ్ ఎదురుపడ్డాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్. కాలేజీలో మునిరాజుతో పాటే ఆటల్లో ఉండేవాడు. అయిదు వేల మీటర్ల పరుగు. తెల్లారక ముందే నిమ్మనపల్లె దాకా పోయి తిరిగొచ్చేవాడు. "ఒరే, బండి టైరు అరిగినట్టు అరిగిపోతాయిరా నీ మోకాళ్లు, యాభైకి కర్ర పట్టుకుంటావు సూడు," అని ఈయన వాణ్ని ఏడిపించని రోజు లేదు. వాడేమో ఇవాళ కూడా కురబలకోట దగ్గర స్తంభం ఎక్కి దిగి వస్తున్నాడు. చొక్కా మీద మరకలు, ముఖాన నవ్వు.

"ఏమప్పా మునిరాజా, ఆస్పత్రి కాడ? కాలు ఎట్లుండాది?"

"ఉండాదిలేప్పా."

"ఇప్పుడన్నా నాతో నడువురా. నువ్వు కాలు కదపకుండా దాచిపెట్టుకుంటాండావు. దాచిపెడితే పెరిగే సొమ్మా అది?"

మునిరాజు నవ్వి ఊరుకున్నాడు. ఎవడి కాలు ఎందుకు నిలబడిందో, ఎవడిది ఎందుకు పడిపోయిందో ఇప్పుడే లోపల విని వచ్చాడు. స్నేహితుడికి చెబుదామంటే ఓపిక లేదు. వాడు పోయాక కుప్పమ్మ దగ్గరికి వచ్చింది.

"సార్, ఆదివారం ఒక్క దినం ఆడనిస్తాము. అయినాక ఆపరేషనో గీపరేషనో సూసుకుందాం."

"డాక్టరు వద్దన్యాడు కదమ్మా."

"డాక్టర్లు అట్లే అంటారు సార్, వాళ్ల యాపారం వాళ్లది. బెణుకే అని మీరే కదా అన్నింది. ఇన్నేండ్లుగా మీరు అన్నింది ఎప్పుడు తప్పిపోయిండాది? మా ఆయన నడుం పట్టేసినప్పుడు కూడా మీరే కదా బాగుచేసింది. మీరు ఊ అంటే సాలు."

స్కానింగ్ ఫిల్ము ఆమె చంకలోనే ఉంది. అందులో తెల్లని గీతలాగా కనబడిన చిరుగు కంటే, మూడు వారాల కిందట మునిరాజు నోటి నుంచి జారిన మూడక్షరాలే ఆమెకి నమ్మకం. మరొకడైతే పొంగిపోయేవాడు. మునిరాజు ఆ ఫిల్ము వంక చూశాడు. అయినా 'వద్దు' అనలేదు. ఆ ఒక్క రోజు గడిస్తే పిల్లకి బతుకుతెరువు. తనకీ, రిటైరై ఇంటికి పోయేలోపు ఒక్క పిల్లనైనా రాష్ట్రానికి పంపానన్న తృప్తి. తానూ అలాగే కదా గట్టెక్కింది. "చూద్దాంలేమ్మా," అన్నాడు. చేతకానివాడు చెప్పే మాట అదే.

శనివారానికి కాలు దానంతటదే వదులుకుంది. బడికి వచ్చి, వరండాలో రెండు గంతులు వేసి చూపించింది రూప. "పోయింది సార్! సూడండి!" ఆ ముఖంలో సంతోషం చూసి మునిరాజు పొద్దున మొదటి బస్సుకి రమ్మన్నాడు.

ఆదివారం మొదటి బస్సు. కుప్పమ్మకి డ్యూటీ ఉంది. బస్టాండు దాకా వచ్చి, టిఫిన్ డబ్బా కూతురి చేతికిచ్చి, "అంతా మీదే భారం సార్," అని వెళ్లిపోయింది. పలమనేరులో దిగి ఇంకో బస్సు. రూపతో పాటు రాణి, సుమలత అని మరో ఇద్దరు పిల్లలు. ముగ్గురూ దారి పొడుగునా కేరింతలు. మునిరాజు కిటికీ పక్కన కుడికాలు సందులో ఇరికించుకుని కూర్చున్నాడు. గంటన్నర కదలకుండా ఉంటే ఆ కాలు కర్రలాగా అవుతుందని ఆయనకి తెలుసు. బస్సు మీద బస్సు, ఏడాది మీద ఏడాది, పిల్లల్ని ఇలా ఎన్ని ఊళ్లకి తీసుకుపోయాడో ఆయనకే గుర్తులేదు. ఇంక చాలనిపించింది. పిల్లల్ని ఎవరికైనా అప్పగించి ఎక్కడైనా పడుకోవాలనిపించింది.

కుప్పంలో కాలేజీ మైదానం. గ్రానైట్ రాళ్లతో కట్టిన గ్యాలరీ, కింద మ్యాట్ పరిచిన కోర్టు, పక్కన షామియానా కింద ఎంపిక కమిటీ బల్ల. తమిళం, కన్నడం, తెలుగు కలిసిన గోల. అక్కడి మైకులో పేర్లు పిలుస్తున్నారు. పిల్లలు నీడ కోసం గ్యాలరీ పై వరసకి పరుగెత్తారు. మునిరాజు కూడా ఎలాగో ఎక్కి వాళ్ల పక్కన కూర్చున్నాడు. మొదట రాణిని పిలిచారు. ఆడింది, తిరిగొచ్చింది. తర్వాత సుమలత కిందికి దిగింది. రూప ముందుగానే బూటు విప్పి, కాలు తీసి మునిరాజు ఒళ్లో పెట్టింది.

"కట్టు కట్టండి సార్. గట్టిగా."

మునిరాజు క్రేపు బ్యాండేజి చుట్ట తీశాడు. ఆయన చేతులకి ఈ పని చెప్పనక్కర్లేదు. మోకాలి కింద రెండు చుట్లు, అడ్డంగా ఒకటి, చిప్పని వదిలేసి పైన రెండు. మూడో చుట్టు దగ్గర వేలికి తగిలింది. మోకాలి పక్క సందులో, చిన్న గోళీ అంత మెత్తటి ఉబ్బు. వేలితో నొక్కితే లోపలికి జారి, మళ్లీ బయటికి వచ్చింది. రూప పళ్లు బిగబట్టింది గానీ అరవలేదు. అరిస్తే ఆపేస్తాడని భయం.

ఆయన చుట్టినదంతా విప్పేశాడు.

"ఏంది సార్?"

"నువ్వు ఆడద్దమ్మా."

"పోయింది కదా సార్! నొప్పి లేదు. ఒట్టు."

"అది బెణుకు కాదు. నేను చెప్పింది తప్పు. ఆ రోజే తప్పు చెప్పినా. డాక్టర్ ముందర నువ్వు నన్ను కాపాడినావు, నేను నోరు మూసుకుని కూర్చున్యా. నాది కూడా బెణుకు కాదమ్మా. నాకు కూడా ఒకరు ఇట్లే చెప్పినారు."

రూప ముఖం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి, ఆ వెనకే కోపమూ వచ్చింది.

"మీరు ఆడినారు కదా సార్. ఫైనల్ ఆడినా అని మాకు ఎన్నిసార్లు చెప్పినారు! ఆడినందుకే కదా మీకు ఉద్యోగం వచ్చింది? మాకైతే వద్దా?"

దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. ఆ ఫైనల్ కథని ఏటా కొత్త తరగతికి ఆయనే చెబుతాడు. కట్టు కట్టుకుని ఎలా దిగాడో, చివరి నిమిషంలో ఎవడి మడమ ఎలా పట్టాడో. ఆ తర్వాతి ఇరవై ఎనిమిదేళ్ల సంగతి మాత్రం ఏ తరగతికీ చెప్పలేదు.

"అవును. ఆడినందుకే వచ్చింది," అన్నాడు.

మైకులో పుంగనూరు రూప అని పిలిచారు. మునిరాజు లేచాడు. బల్ల దగ్గరికి పోయి చెప్పి రావాలి. రాణిని పంపవచ్చు. కింద ఉన్నవాళ్లకి చెయ్యి ఊపి పిలవవచ్చు. ఇన్నేళ్లుగా ఇలాంటి ఉపాయాలతోనే నెట్టుకొచ్చాడు. ఈసారి ఆయనకి ఉపాయం వెతికే ఓపిక కూడా లేకపోయింది. దిగటం మొదలుపెట్టాడు. రాతి మెట్లు, ఎత్తుగా ఉన్నాయి. పట్టుకోవటానికి కడ్డీ లేదు. పక్కకి తిరిగి, ఎడమ కాలు దించి, కుడి కాలు ఈడ్చి దాని పక్కన పెట్టాడు. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. నాలుగో మెట్టు దగ్గర మోకాలు మడతపడబోతే రెండు చేతులూ ఆనించి మెట్టు మీద కూర్చుండిపోయాడు. పిల్లల ముందు, పది బళ్ల డ్రిల్ సార్ల ముందు, చంటిపిల్లవాడిలాగా కూర్చుని జరుగుతూ మిగతా రెండు మెట్లూ దిగాడు. పై నుంచి ఎవరో నవ్వారు. రూప నవ్వలేదు. ఆ పిల్ల ఆయన్ని అలా చూడటం ఇదే మొదటిసారి. అంతదాకా సారు నెమ్మదస్తుడు అనుకునేది.

బల్ల దగ్గర సురేంద్ర ఉన్నాడు. పక్క మండలం డ్రిల్ సారు, పాత పరిచయం.

"పుంగనూరు పిల్ల యాడప్పా? నీ పిల్ల గురించే అందరూ చెప్పుకుంటాండారు."

"ఆడదు. పేరు కొట్టేయి. మోకాలిలో చిరిగింది."

"బెణుకుంటుందిలేప్పా! కట్టు కట్టి దింపు. రెండు కూతలు సాలు, నేను రాసుకుంటా. ఇంత దూరం తీసుకొచ్చి..."

అదే మాట. అదే ధీమా. మునిరాజుకి సురేంద్ర మీద కోపం రాలేదు. అద్దంలో చూసుకున్నట్టు అనిపించి అలసట ఇంకా పెరిగింది. పెన్ను తీసుకుని పేరు మీద తానే గీత గీశాడు. పక్కన 'గాయం' అని రాసి సంతకం పెట్టాడు.

జేబులో ఫోను మోగింది. కుప్పమ్మ. పని మధ్యలో చేసినట్టుంది, వెనక యంత్రాల చప్పుడు.

"ఆడిందా సార్? సెలెక్ట్ అయిందా?"

"లేదమ్మా. నేనే ఆపినా. అది బెణుకు కాదు కుప్పమ్మా. నేను తప్పు చెప్పినా. మూడు వారాల ముందే ఆస్పత్రికి తీసుకుపోవాల్సింది. ఆపరేషన్ చేయించాల. ఖర్చు లేకుండా కార్డు మీద అవుతుందా అని నేను కనుక్కుంటా. నేనే దగ్గరుండి తీసుకుపోతా."

తిట్టినా బాగుండునని ఆయన ఎదురుచూశాడు.

"మీరు బెణుకంటే బెణుకు అనుకున్యాము," అంది చివరికి. "ఇప్పుడు సిరిగింది అంటే సిరిగింది అనుకోవాల. మాకేం తెలుసు సార్. మీరు ఏది చెప్తే అదే కదా మాకు."

ఫోను పెట్టేసింది. మునిరాజు కాసేపు షామియానా గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. తిట్టి ఉంటే మోయగలిగేవాడు. ఇది మోయలేకపోయాడు. సురేంద్ర కుర్చీ జరిపి కూర్చోమన్నాడు గానీ కూర్చోలేదు. మళ్లీ మెట్లెక్కి పిల్ల దగ్గరికి వచ్చాడు. ఎంతసేపు పట్టిందో ఏమో, సుమలత అప్పటికే ఆడేసి రాణి పక్కన కూర్చుని ఉంది. వాళ్లిద్దరూ రూపకి కొంచెం దూరంగా, ఏం మాట్లాడాలో తెలియక టిఫిన్ డబ్బా మూత తీసీ పెట్టీ చేస్తున్నారు.

రూప కోర్టు వంకే చూస్తోంది. కింద ఏ ఊరి పిల్లో కూతకు వచ్చి, తడబడి, గీత తాకకుండానే దొరికిపోయింది. ఆ పిల్ల బదులు తాను ఉంటే ఎలా తప్పించుకునేదో రూప భుజాలు చెబుతున్నాయి. కూర్చున్నచోటే ఎడమకి ఒకసారి వంగి, ఆగిపోయింది.

మునిరాజు పక్కనే కూలబడ్డాడు. ఆయన వంక చూడకుండానే రూప అడిగింది.

"ఆ పొద్దు మీరు ఆడకుండా ఉండుంటే ఏమయ్యేది సార్?"

"ఉద్యోగం వచ్చేది కాదేమో. కాలు ఉండేది."

"ఏది మేలు సార్?"

ఇరవై ఎనిమిదేళ్లలో ఆయన్ని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అబద్ధం చెప్పి ఓదార్చవచ్చు. చెప్పబుద్ధి కాలేదు.

"ఇప్పుడు అడుగుతాండావు కాబట్టి కాలే అంటానమ్మా. ఇరవై రెండేండ్లప్పుడు అడిగుంటే ఉద్యోగం అనేవాణ్ని."

రూప కళ్లు తుడుచుకుని అప్పుడు ఆయన వైపు తిరిగింది.

"నాకు పదహారే సార్," అంది.

మునిరాజు విప్పేసిన బ్యాండేజిని చుట్ట చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కింద ఈల మోగింది, ఇంకెవరి పేరో పిలిచారు.